అమ్మా, అన్నం పెట్టమను

డెబ్బైల మొదట్లో, భార్యాభర్తలకు మాట్లాడుకోవడం నేర్పుతానని నేను టీచరు ఉద్యోగం మానేస్తే విజయవాడలో నవ్వనివాళ్ళు లేరు. "కాపురం చెయ్యడానికి కూడా క్లాసులేంటండీ!" అనేవాళ్ళు. నన్ను ఆ పనికి పెట్టుకున్న సంఘం ఆఫీసు వన్ టౌన్‌లో, అధ్యక్షులవారి మిరపకాయల గోడౌన్ మీది గది. తుమ్ముకుంటూనే తీర్మానాలు రాసుకునేవాళ్ళం.

మొదటి క్లాసులు కంకిపాడులో, వరసగా కొన్ని ఆదివారాలు. ఆరాధన అయ్యాక చర్చి పక్క బడి గదికి దంపతులు జంటగా రావాలని పాస్టరుగారి చేత ముందే చెప్పించాను. భార్యలు వచ్చారు. భర్తలు తమ బదులు తల్లుల్ని పంపించారు! ఒకాయనైతే అక్కగారిని పంపాడు. "మావాడికి తీరిక లేదండీ. చెప్పేదేదో నాకు చెప్పండి, ఇంటికెళ్ళి వాడికి చెబుతా" అంటూ ఓ పెద్దావిడ చాప మీద కుదురుగా కూర్చుంది. రేషను షాపు క్యూలో ఒకరి బదులు ఒకరు నిలబడినట్టు, కాపురానికీ బదులు మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా వచ్చినవాళ్ళను పొమ్మనలేక మొదలుపెట్టాను.

ఆ పెద్దావిడ కొడుకు రైసు మిల్లులో గుమాస్తా. ఊళ్ళో అందర్నీ ఆపి మరీ పలకరిస్తాడు. ఇంట్లో భార్యతో మాత్రం సూటిగా మాట్లాడడు. "అమ్మా, అన్నం పెట్టమను." "అమ్మా, గొడుగు ఎక్కడ పెట్టిందో అడుగు." ఆ భార్య అక్కడే, చేతిలో గరిటెతో నిలబడి ఉంటుంది. తగాదా ఏమీ లేదు. వాళ్ళ నాన్నా అంతే, ఇతనూ అంతే.

"కొట్టడండీ, తిట్టడండీ. పెళ్ళయిన కాణ్ణించీ నా మొహం చూసి ఒక్క మాటా అన్లేదు. మీ క్లాసులు అయిపోయేలోగా ఆయన నోటితో నన్ను పిలిస్తే ఉంటా. లేకపోతే చల్లపల్లి మా అమ్మ దగ్గరికెళ్ళిపోతా" అని ఆమె నాతో చెప్పింది.

ఈ సంగతి కమిటీలో చెబితే, "కొట్టడు, తిట్టడు. ఇంకేం కావాలంట?" అన్నారు పెద్దమనుషులు. కొట్టకపోవడమే మహోపకారమైనట్టు!

క్లాసులో ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు చెప్పింది రెండోవారు అడ్డుపడకుండా విని, విన్నది తిరిగి చెప్పాలి. కొడుకు స్థానంలో అత్తగారు కూర్చుంది. కోడలు తలవంచుకుని, "మీరు నన్ను చూసి మాట్లాడితే బావుంటుందండీ" అంది. అత్తగారు తిరిగి చెప్పబోయి ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత ఆవిడ ఒక్క ఆదివారమూ మానలేదు.

చివరి ఆదివారం కోడలు బట్టల సంచీతో వచ్చింది. ఆ కబురు తెలిసి గుమాస్తా ఊడిపడ్డాడు. భార్యకు మూరెడు దూరంలో నిలబడి, నాకేసి చూసి, "మేడంగారూ, ఇంటికి రమ్మని చెప్పండి" అన్నాడు.

"ఆవిడ ఇక్కడే ఉన్నారు కదండీ. మీరే చెప్పండి."

"మీరు చెబితే ఇంటదండీ."

"మీరు చెప్పినా వింటారు."

అతను తల్లివైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్నా చెప్పవే."

"నే చెప్పన్రా" అంది ఆవిడ. "మీ నాన్న పోయేదాకా నాతో అన్నీ ఎవరో ఒకరి చేత చెప్పించాడు. ఆఖర్న మంచినీళ్ళు కావాల్సొచ్చినా నిన్నే పిలిచాడు. నేను పక్కనే కూర్చునున్నా. ఇంక నేనెవరి కబుర్లూ మొయ్యను. నోరుందిగా, చెప్పుకో."

"ఒక్క మాటేగా బాబూ, అనేస్తే ఏం పోతుంది?" అని నేనూ బతిమాలాను. అతని పెదాలు కదిలాయి కూడా. అందరూ తననే చూస్తున్నారని గమనించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె చల్లపల్లి బస్సెక్కింది. సంచీ అందించింది అత్తగారే.

కమిటీ మీటింగులో నన్ను నిలబెట్టారు. కాపురాలు కలపమంటే కూలుస్తున్నానట! అధ్యక్షులవారు బల్ల గుద్ది, "'ఇంటికి రమ్మంటున్నాడు' అని ఒక్క మాట చెప్పేస్తే మీ సొమ్మేం పోయిందమ్మా?" అన్నారు.

"నేనూ అతన్ని అదే అడిగానండీ" అన్నాను.

అధ్యక్షులవారు నాకేసి చూడకుండా, పక్కనున్న కార్యదర్శితో, "ఆవిణ్ణి కూర్చోమనండి" అన్నారు.