రంగులక్క దిమ్మె

జన్యువులను నడిపే ఒక ప్రోటీను చెడిపోయిందంటే కణం క్యాన్సర్ దారి పట్టినట్టే. రంగు వేస్తే ఆ చెడిన ప్రోటీను గోధుమరంగులో బయటపడుతుంది, మంచి కణం నీలంగానే ఉంటుంది. ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా ఆ రంగులు వేసేది రంగులక్కే. పోల్చి చూడటానికి ఆవిడ వాడే మంచి ముక్క, ఆరేళ్ల కిందట తన రొమ్ములోంచి తీసిన గడ్డ. ప్రమాదం లేదని తేలాక మైనపు దిమ్మెలో దాచి, రోజూ పైనుంచి ఒక పల్చటి పొర కోసి వాడుతోంది.

"పనికిమాలిన గడ్డకు ఉద్యోగం ఇప్పించాను" అనేది.

ఈరోజు దిమ్మె అడుగున కోసిన పొర గోధుమరంగుకు తిరిగింది. రంగు మందును తిట్టుకుంటూ మళ్లీ వేసింది. మిగతా స్లైడ్లన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆ స్లైడును తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు పెట్టింది.

"ఇదెవరిదమ్మా? వెంటనే పిలిపించండి" అంది డాక్టరమ్మ, మైక్రోస్కోపులోంచి తలెత్తకుండా.

"పిలవక్కర్లేదు మేడమ్" అంది రంగులక్క, కుర్చీ కోసం తడుముకుంటూ.