తెనింగ్ మాగబెట్టిన దుగోర్ పళ్ళు

తొలివాన పడి దుగోర్ కాయలు దోరకు వచ్చాయంటే తెనింగ్‌కి ఇంట్లో కాలు నిలవదు. దుగోర్ అంటే అడవి సీతాఫలమే. గుప్పెట్లో ఇమిడిపోతుంది, పండితే నారింజ రంగు. చెట్టు మీద వదిలేస్తే పిట్టల పాలు. అందుకని దోరకాయలు కోసి, సజ్జల గాదెలో మాగబెట్టి, ఏటేటా కూతురు సిగాకి పట్టుకెళ్తుంది.

కూతురు తన దగ్గర లేదు మరి. పుట్టినప్పుడు ఆడపడుచు పేరు పెట్టారు. వాళ్ళ సెరేర్ తెగలో ఎవరి పేరు పెడితే బిడ్డ వాళ్ళది. పాలు మాన్పించగానే, పిల్లల్లేని ఆ ఆడపడుచు వచ్చి బిడ్డను వీపున కట్టుకుని వెళ్ళిపోయింది. తెనింగ్‌కి ఆ కడుపుకోత ఈనాటికీ ఆరలేదు.

ఈసారి మాత్రం గట్టిగా అనుకుంది, ఈ వానాకాలమంతా పిల్లను తన ఇంట్లో ఉంచుకోవాలని.

పళ్ళ బుట్టతో ఆడపడుచు ఊరికి గుర్రబ్బండెక్కింది. బండి తోలే దెంబా పులార్ మనిషి, పశువులు కాసే తెగవాడు. వాళ్ళకీ సెరేర్లకీ పరాచికాల వరస, ఏమన్నా కోపం రాకూడదు.

"ఏమే సెరేర్ బానిసా, పళ్ళు నాకేనా?"

"నీ మొహానికి పళ్ళు కూడానా! పోయి నీ ఆవుల వెంట తిరుగు!"

ఇల్లు చేరగానే ఆడపడుచు చాప వేసి, చల్లటి నీళ్ళిచ్చింది. తెనింగ్ ఇంక ఆగలేకపోయింది.

"వదినా, ఈ వానలు తగ్గేదాకా పిల్లని నాతో పంపండి."

"నన్నడుగుతావేం? ఎదిగిన పిల్ల. దాన్నే అడుగు."

సిగా బుట్టలో చెయ్యి పెట్టి, బాగా మెత్తబడిన పండొకటి ఏరి ఆడపడుచు చేతిలో పెట్టింది. "నువ్వు తినమ్మా." ఆ తర్వాత తెనింగ్ వైపు తిరిగింది. "ఎలా వస్తానత్తా? వేరుశనగ వెయ్యాలి. అమ్మకి నడుం పట్టేసింది, ఒక్కతే ఏం వంగుతుంది?"

తెనింగ్‌కి ఆడపడుచు మీద అసూయతో ఒళ్ళు మండింది. ఇంత మంచి పిల్ల తన కడుపున పుట్టిందే అని ముచ్చటా వేసింది. కాసేపటికి పైగుడ్డ నడుముకి బిగించి లేచింది.

"విత్తనాలెక్కడున్నాయి? మీ అమ్మని కూర్చోనీ. నేనొస్తా."

తన చేను సంగతి మొగుడు చూసుకుంటాడులే అనుకుంది. పొద్దు వాలేదాకా సిగా ముందు నడుస్తూ గుంట తీస్తుంటే, వెనకాలే గింజ వేసి మట్టి కప్పుతూ వెళ్ళింది.

ఆఖరి చాలు దగ్గర సిగా వెనక్కి తిరిగింది. "అలిసిపోయారా అత్తా?"

"లేదమ్మా. మీ చేను ఇంకాస్త పెద్దదైతే బాగుండేది."