అమ్మ తివాచీలో మా మూల

మొన్న తాడేపల్లిగూడెంలో ఉన్న మా చెల్లెలిని చూడడానికి వెళితే, దాని కూతురు నన్ను గుమ్మంలోనే పక్కకు పిలిచి, వాళ్ళమ్మ పొద్దస్తమానం ఫోనులో ఏదో తోట ఆట ఆడుతూ తిండి కూడా మరిచిపోతోందని, ఆ రోజే దాన్ని ఫోనులోంచి తీసేస్తానని చెప్పింది. "మీరొక మాట చెప్పండి ఖాలా, మీ మాటైతే వింటుందండీ" అని బతిమాలింది.

నాకు ఫోనంటే హలో అనడం తప్ప ఏమీ తెలియదు. అయినా సరేనని వెళ్ళి చెల్లెలి పక్కన కూర్చున్నాను. మూడో అంతస్తులో ఉన్న ఆ ఇంట్లో చారెడు మట్టి లేదు. మా మరిది పోయాక అది కిందికి దిగడమే మానేసింది. ఫోనులో మాత్రం గులాబీలు, బంతిపూలు, బీరపాదు, అన్నీ చిన్న చిన్న గళ్ళు పేర్చి చేసినవే. ఆ గళ్ళు చూడగానే ఏలూరులో మా అమ్మ మగ్గం కళ్ళముందు నిలిచింది.

నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా వీధిలో ఏ ఇంటి ముందు ఆగినా తివాచీ మగ్గం చప్పుడే వినిపించేది. మాది ఒకటే గది, అందులో సగం మగ్గానిదే, మిగతా సగంలో పెత్తనమంతా మా నాయనమ్మది. అమ్మ మాట చెల్లే చోటు ఆ మగ్గం ఒక్కటే. గోడకు అతికించిన గళ్ళ కాగితం చూస్తూ, ఒక్కో గడికీ ఒక్కో ఉన్ని ముడి వేస్తూ, కింది నుంచి పైకి పూలతోటను లేపుతున్నప్పుడు మేం ఎంత పిలిచినా ఆమె చెవిన పడేది కాదు. పొయ్యి మీద పప్పు మాడిపోతుంటే నాయనమ్మే "ఎవరి పిచ్చి వారికి ఆనందం" అని గొణుక్కుంటూ వెళ్ళి దింపేది.

మనసు బాగున్న రోజు అమ్మ మమ్మల్నిద్దరినీ పిలిచి, ముందుగా పూర్తయ్యే కింది మూలలోని నీలిపూలు చూపించి, అది మా ఇద్దరి చోటు అనేది. ఆ పూల మీద వేళ్ళు నడిపించుకుంటూ మేం గంటల తరబడి అక్కడే ఉండిపోయేవాళ్ళం. ఎండాకాలంలో కూడా ఆ మూల చల్లగా ఉండేదంటే మీరు నవ్వుతారేమో. తివాచీ పూర్తయి, షావుకారు మనిషి దాన్ని చుట్టచుట్టి రిక్షాలో వేసుకుపోయిన రోజున అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు. చెల్లెలు ఏడుస్తూ వీధి చివరిదాకా ఆ రిక్షా వెంట పరిగెత్తేది.

ఫోనులో ఆ తోట కింది మూలన కూడా నీలిపూలున్నాయి, వాటి మధ్య రెండు చిన్న పీటలున్నాయి. ఇవెవరికే అని అడిగితే అది తల ఎత్తకుండానే, "మనకే ఆపా. ఈసారి ఎవరూ చుట్టుకుపోరు" అంది. చుట్టుకుపోయే మనిషి గుమ్మంలోనే కాచుకుని ఉంది.

బయటికి వచ్చి, ఆ ఆటను ముట్టుకోవద్దని, వేళకు అన్నం కలిపి వాళ్ళమ్మ చేతికివ్వమని చెప్పాను. ఆ పిల్ల తెల్లబోయింది. ఏం చెప్పను? అమ్మ మైమరపు ఇంటికి బియ్యం తెచ్చేది గనుక దాన్ని అందరూ పని అన్నారు, చెల్లెలిది ఏమీ తేదు గనుక జబ్బంటున్నారు. ఇప్పుడు ఆ గదీ లేదు, మగ్గమూ లేదు. అన్ని తోటలు నేసిన మా అమ్మ, అన్నీ పరాయివాళ్ళ కాళ్ళ కిందికే పంపింది గానీ, ఒక్కదానిలోనూ తాను కూర్చోలేదని తలుచుకుంటే ఇప్పటికీ దిగులేస్తుంది. వచ్చేముందు చెల్లెలి పక్కన వంగి, ఆ నీలిపూలలో ఇంకో పీట వేయమన్నాను. ఎవరికని అది అడగలేదు.