గంగాధర్ వద్దన్న కత్తి

గంగాధర్‌ది చాపాడు దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. ప్రొద్దుటూరు బట్టలంగట్లో చీరలు విప్పి చూపించడం అతని పని. మగవాణ్ణి ప్రేమించాడని తెలిసిన రోజే అన్నదమ్ములు గడప దిగమన్నారు. అప్పట్నుంచి అతనికి మేమే దిక్కు. మేమంటే జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల అతనిలాంటివాళ్లం. మాకు పెద్ద నారాయణ. పులివెందుల్లో టిఫిన్ హోటల్ నడుపుతాడు. ఆయన నోరు తెరిస్తే ఎవరూ కిక్కురుమనరు.

సుంకులమ్మ జాతరకు ముందు అందరం నారాయణ గదిలో చేరతాం. అమ్మవారి మొక్కుకు చీరలు కట్టుకునేముందు గడ్డాలు, ఛాతీలు గీసుకుంటాం. అందరికీ నారాయణ కత్తి ఒకటే. వేరే కత్తి తెచ్చుకుంటే సాటివాళ్లని మురికివాళ్లన్నట్టే. ఈ దిక్కుమాలిన మర్యాద ఎవడు పెట్టాడో గానీ వాణ్ణి నాలుగు తన్నాలి.

పోయినేడు గంగాధర్‌కు హెపటైటిస్ సి అని తేలింది. నెత్తురు ద్వారా అంటుకుని కాలేయాన్ని పాడుచేసే జబ్బు. కొన్ని నెలలు మాత్రలు మింగాడు, తగ్గింది. ఈసారి జాతరకు వచ్చి సంచిలోంచి సొంత రేజరు తీశాడు.

"ఏందప్పా ఇది?" అన్నాడు నారాయణ.

"కత్తి మీద కంటికి కనపడనంత నెత్తురున్నా చాలు మామా, జబ్బు అంటుకుంటాది. ఎవురిది వాళ్లే వాడుకోండి. పండుకునేటప్పుడు గూడా కండోమ్ మానొద్దండి. అప్పుడు గూడా నెత్తురు తగుల్తాది."

"నీకొచ్చి పోయింది గదా. అమ్మవారు పోసినోనికి మళ్లా పోస్తాదా? నీకేంది భయం?"

మేమూ అదే అనుకున్నాం, ఒకసారి వస్తే ఇక రాదని.

"ఇది అమ్మవారు కాదు మామా. తగ్గినోనికీ మళ్లా వస్తాది. దీనికి టీకా గూడా లేదు. అందరూ పరీక్ష చేయించుకోండి."

"మా కత్తి పట్టనోడు మా మనిషి కాదు. పో."

గంగాధర్ ముఖం పాలిపోయింది. ఈ గది పోతే అతనికి ఇంకెవరున్నారు? అయినా అతను లేచి వాకిలికి అడ్డంగా కూచున్నాడు.

"ఇంట్లో పొమ్మంటే పోయినా. ఈడ పోను. మీరు సస్తాంటే సూస్తా జాతర చేసుకునేదానికి నేను రాలేదు."

ఎంత తిట్టినా కదల్లేదు. చివరికి ఎవరూ ఆ కత్తి ముట్టలేదు. మాసిన గడ్డాలతోనే చీరలు కట్టి జాతరకు పోయాం. నవ్వేవాళ్లు నవ్వారు, మా చీరలేమన్నా ఊడిపోయాయా?

వారం తిరిగాక గంగాధర్ మమ్మల్ని ఒక ఆసుపత్రికి లాక్కుపోయాడు. నారాయణ సణుగుతూనే వచ్చాడు. పరీక్షల గదిలో మనిషి అందరికీ వినపడేలా, "ఇంతమంది ఒక్కసారే వచ్చినారు, ఎవరు మీరు?" అన్నాడు. నారాయణ వెనక్కి తిరిగాడు. గంగాధర్ ముందుకు పోయాడు.

"మొగోళ్లను ప్రేమించే మొగోళ్లం సార్. హెపటైటిస్ సి నాకొచ్చి తగ్గింది. వీళ్లకుందేమో సూడండి. ఇంకేమన్నా అడగాల్నా?"

ఆ మనిషి తలొంచుకుని నెత్తురు తీశాడు.

నారాయణకు జబ్బు ఉందని తేలింది. బెంచీ మీద కూలబడి, "నీనుంచే వచ్చిందేమో రా," అన్నాడు.

"కావచ్చు మామా. నీనుంచే నాకొచ్చిండొచ్చు. కొట్లాట తర్వాత పెట్టుకుందాం. మాత్రలుండాయి, తగ్గుతాది. లెయ్."

మా నారాయణ, బజార్లో ఎదురైతే మమ్మల్ని పలకరించడానికే జంకే మనిషి, అంతమంది చూస్తుండగా గంగాధర్ చెయ్యి పట్టుకుని లేచాడు. మందులిచ్చే కిటికీ దాకా వదల్లేదు.