గురో పంతులమ్మ, రెండు చర్చీల పిల్లలు

గురోకి దేవుడంటే భక్తి ఉండేది గానీ, ఆయన తరఫున మాట్లాడే మగవాళ్ళంటే అంత గౌరవం ఉండేది కాదు. నార్వే నుంచి వచ్చి అమెరికాలోని డకోటా మైదానంలో స్థిరపడిన తొలి కుటుంబాల్లో వాళ్ళదొకటి. అందరూ మట్టిగడ్డల ఇళ్ళలో వణుకుతూనే, ముందుగా చెక్కతో చర్చి కట్టారు. "దేవుడికి ఇల్లయింది, మనకి జలుబయింది" అని చిన్నప్పుడే అని, తల్లి చేత మొట్టికాయ తింది.

పెరిగి పొడుగాటి మనిషయింది. పెళ్ళాడతామని వచ్చినవాళ్ళ చేతిలో పుస్తకం పెట్టి చదవమనేది. వాళ్ళు మళ్ళీ కనిపించేవారు కాదు. చలికాలం ప్రభుత్వం వాళ్ళ ఇంగ్లీషు బడి నడిచే గదిలోనే, వేసవిలో గురో నార్వేజియన్‌లో మతబడి నడిపేది. ప్రశ్నోత్తరాల పుస్తకమంతా పిల్లలకు కంఠతా పట్టించేది.

అప్పుడొచ్చింది తగువు. దేవుడు మనిషిని ఊరికే ఎంచుకుంటాడా, లేక వీడు నన్ను నమ్ముతాడని ముందే చూసి ఎంచుకుంటాడా? ఈ రెంటికీ తేడా ఏమిటో ఊళ్ళో ఒక్క రైతూ చెప్పలేడు గానీ, దానికోసం అన్నదమ్ములు మాటలు మానేశారు. ఒక ఆదివారం సగం జనం లేచి బయటికి నడిచారు. మంచు పడేలోగా రోడ్డుకి అవతల ఇంకో చర్చి లేచింది, దాని గోపురం పాతదానికంటే మూరెడు ఎత్తు. పాతవాళ్ళు ఊరుకుంటారా, తమ గోపురం మీద రేకు కోడిపుంజును నిలబెట్టి దాన్ని మించారు.

పంతులమ్మ మాత్రం ఒక్కతే. పాత చర్చి పాస్టరు హోవ్డెన్, కొత్త చర్చి పాస్టరు లిండాస్ ఇద్దరూ ఆమె గుమ్మంలోకి వచ్చారు.

"మా పిల్లలకి వేరే బడి పెట్టాలమ్మా," అన్నాడు హోవ్డెన్.

"నేను రెండు ముక్కలు కాలేను అయ్యగారూ. ఆ ఒక్క ప్రశ్నే కదా మీ గొడవ? మీ జవాబు చెప్పించేటప్పుడు వాళ్ళ పిల్లల్ని నీళ్ళ పంపు దగ్గరికి పంపుతాను. వాళ్ళది చెప్పించేటప్పుడు మీవాళ్ళని. సరేనా?"

ఇద్దరూ గడ్డాలు నిమురుకుని సరేనన్నారు.

జులైలో ఆ గది పెనంలా కాలేది. కిటికీలు బార్లా తెరిచి ఉండేవి, పంపేమో కిటికీ కిందే. వినకూడదన్న జవాబును పిల్లలు తమ జవాబు కంటే శ్రద్ధగా నేర్చుకున్నారు. గురోకి ఆ సంగతి తెలుసు. కిటికీ మూయాలని మాత్రం ఆమెకెప్పుడూ తోచలేదు.

పిల్లల్ని పెద్దల సభ్యత్వంలో చేర్చుకునే రోజున హోవ్డెన్ చర్చి కిక్కిరిసింది. పాస్టరు రగ్నిల్ అనే పిల్లను నిలబెట్టి ఆ ప్రశ్నే అడిగాడు.

రగ్నిల్ తలెత్తి, "ఏది చెప్పమంటారు అయ్యగారూ? మనదా, రోడ్డవతల వాళ్ళదా?" అంది.

పాస్టరు మెడ దాకా ఎర్రబడ్డాడు. "మనదే!"

పిల్ల మొదలుపెట్టింది. కంగారులో ఎక్కడ ఆపాలో తెలియక, మనది అవగొట్టి, అదే ఊపిరిలో అవతలివాళ్ళది కూడా తడుముకోకుండా ఒప్పజెప్పేసింది. వెనక బెంచీలోంచి చెవిటి హాల్వర్ తాత గట్టిగా, "ఆ రెండోది బాగుందర్రా, నాకు అర్థమయింది!" అన్నాడు.

మర్నాడు పాస్టర్లిద్దరూ ఒకే గుర్రబ్బండిలో వచ్చారు, ఆమెను తీసేశామని చెప్పడానికి.

"మిమ్మల్నిద్దర్నీ ఒక బండి ఎక్కించానే!" అంది గురో. "పెద్ద పెద్ద సభలు పెట్టినవాళ్ళ వల్ల కాలేదు కదండీ."

బండి కనుమరుగయ్యేదాకా నవ్వింది. తర్వాత ఖాళీ గదిలో పిల్లల బల్ల మీద కూర్చుని, ముక్కు చీదుకుంటూ చాలాసేపు ఏడ్చింది.

మరుసటి వేసవి హోవ్డెన్ తనే పాఠం చెప్పాడు. పిల్లలు హాయిగా నిద్రపోయారు. లిండాస్ బడిలో అసలు పిల్లలే కనిపించలేదు, అందరూ చేపలకు పోయారు. ఆ చలికాలం మంచు తుఫానుకు భయపడి ఇంగ్లీషు బడి పంతులు పారిపోతే, బడి కమిటీ గురోను పిలిచింది. ఆమె ఇంగ్లీషు రైలుపట్టాలు వేసే ఐరిష్ కూలీల దగ్గర నేర్చుకున్నది. అందులో కొన్ని మాటలు పిల్లల ముందు అనకూడనివని ఆమెకి కాస్త ఆలస్యంగా తెలిసింది, తల్లులు వచ్చి చెప్పాక.

చెప్పిన తల్లులే శనివారాలు పిల్లల్ని ఆమె ఇంటికి తోలుకొచ్చేవారు, రెండు చర్చీల వాళ్ళూ. తల్లులు కాఫీ తాగుతుంటే, గురో పిల్లల చేత ప్రశ్నోత్తరాలు అప్పజెప్పించుకునేది. పాస్టర్లకు తెలుసు. చెప్పే తిప్పలు తప్పాయి గనక తెలియనట్టే ఉన్నారు.

గురో తల నెరిశాక, రెండు చర్చీలకీ పైనున్న పెద్దలు సమావేశమై రెండు జవాబులూ సరైనవేనని తేల్చారు. తర్వాత కొన్నాళ్ళకు చర్చీలు కలిశాయి. వెంటనే ఏ కప్పు కింద కూర్చోవాలని ఇంకో తగువు. చివరికి కొత్తదాంట్లో ఆరాధన, పాతదాంట్లో బడి అన్నారు. ఆ బడికి గురోనే రమ్మన్నారు. అడగడానికి రగ్నిల్ వచ్చింది, చంకలో బిడ్డతో.

"ఈసారి నన్ను తీసేయడానికి ఎంతమంది పాస్టర్లు వస్తారే?"

"ఒక్కడే ఉన్నాడు పంతులమ్మా. కుర్రాడు. మీరంటే భయం కూడాను."

గురో ఒప్పుకుంది. చర్చిలో ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు కూర్చునేవారు. చలికి వెచ్చబెట్టే పొయ్యి కుడివైపుంది. ఆ ఆదివారం గురో పోయి మగవాళ్ళ మధ్య పొయ్యి పక్కనే కూర్చుంది. కుర్ర పాస్టరు వచ్చి మెల్లగా, "అమ్మా, మీ చోటు అటువైపండీ," అన్నాడు.

"అటువైపు చలి నాయనా. నిద్ర పట్టదు."

అతను వెళ్ళి ప్రసంగం మొదలుపెట్టాడు. గురో చెప్పిన మాట ప్రకారం నిద్రపోయింది.