మిల్లు రింకులో పడినవాళ్లు

దెయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. శబ్దం ఎలా పుడుతుందో, గాల్లోంచి చెవిదాకా ఎలా వస్తుందో ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదాన్ని. ఇప్పటికీ చెబుతున్నాను గానీ, ఆ పాఠం వచ్చినప్పుడు గొంతులో మునుపటి ధీమా ఉండటం లేదు.

మా మావయ్యగారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన ఉద్యోగంలో ఉండగా ఊరి చివర ఒక రైసు మిల్లు మూతపడింది. ధాన్యం ఆరబెట్టడానికి వేసిన సిమెంటు కళ్లం మాత్రం నున్నగా, విశాలంగా అలాగే ఉండిపోయింది. ఎక్కడో ఆటల పోటీలకి వెళ్లి స్కేటింగ్ చూసి వచ్చిన మావయ్యగారికి ఆ కళ్లం కంటపడింది. మిల్లు యజమానిని ఒప్పించి, పగుళ్లు పూడ్పించి, చుట్టూ మోకాలెత్తు గోడ కట్టించి, అక్కడ పిల్లలకి స్కేటింగ్ నేర్పడం మొదలుపెట్టారు. మొదటి వానాకాలం ఆ పగుళ్లలోంచి వరి మొలకలు వచ్చేవట. పిల్లలే కూర్చుని పీకేవారట.

దాన్ని అందరూ మిల్లు రింకు అనేవారు. నాకు పెళ్లై వచ్చేసరికి ఊళ్లో సాయంత్రమైతే పెద్దవాళ్లు కూడా అక్కడికే నడిచి వచ్చేవారు. గోడ మీద కూర్చుని, వేడి బజ్జీలు తింటూ, పిల్లలు గుండ్రంగా తిరుగుతుంటే చూసేవారు. ఆగస్టు పదిహేనుకి జెండాలు పట్టుకుని వరసగా తిరిగేవాళ్లు. మా ఆయన శ్రీనివాస్ కూడా అక్కడ నేర్చుకున్నవారే. నేను మాత్రం ఎప్పుడూ స్కేట్లు కట్టుకోలేదు.

తర్వాత మిల్లు వారసులు స్థలం అమ్మేశారు. రింకు పగలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. మా అమ్మాయి హారిక పుట్టేనాటికే అక్కడ పునాదులు లేచాయి. మావయ్యగారు ఎవరినీ ఏమీ అనలేదు. ఫ్లాట్లు అమ్మకానికి వచ్చినప్పుడు మాత్రం మనమూ ఒకటి తీసుకుందాం అని పట్టుబట్టారు. అలా రింకు ఉన్నచోటికే కాపురం వచ్చాం.

కొన్నేళ్లకి ఆయనకి వినికిడి పోయింది. ఏలూరులో చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, నరమే దెబ్బతింది, మిషను పెట్టినా ఉపయోగం ఉండదు అన్నారు. అప్పట్నుంచీ మేం చెప్పాల్సింది పలక మీద రాసి చూపిస్తున్నాం. సాయంత్రం కాగానే ఆయన లిఫ్టులో కిందికి దిగి, సెల్లారులో స్కూటర్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పాత జ్ఞాపకాలు కదా అనుకున్నాం.

ఒకరోజు పైకి వచ్చి, చెప్పులు విడుస్తూ, “కుమారి పడిపోయిందమ్మా” అన్నారు.

కుమారి ఆయన మొదటి బ్యాచ్ పిల్ల. ఇప్పుడు తణుకులో టీచరు. “ఎవరు చెప్పారండీ?” అని పలక మీద రాశాను.

“ఎవరు చెప్పాలి? చప్పుడు వినపడిందిగా. ఒక్కొక్కళ్ల చక్రాల చప్పుడు ఒక్కోలా ఉంటుంది.”

చెవులు పనిచేయనివాళ్లకి లోపల ఏవో మోతలు వినిపిస్తాయని చదివాను. అదే అయ్యుంటుంది అనుకున్నాను. మర్నాడు కాలేజీలో ఉండగా మా ఆయన ఫోన్ చేశారు. కుమారిగారు తెల్లవారుజామున పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారట. విన్నాక కాసేపు మనసు అదోలా అయింది. రిటైరవబోయే వయసులో పడటం మామూలే కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఆయన పైకి వచ్చి అన్నం వద్దన్నారు. విశాఖపట్నంలో ఉండే ఒక పాత శిష్యుడి పేరు చెప్పి, “వాడు లేవలేదమ్మా” అన్నారు. ఆ వారంలోనే ఆ శిష్యుడు ఆఫీసు మెట్ల మీద కుప్పకూలి చనిపోయాడని కబురు వచ్చింది.

అప్పుడు నేను ఒక పని చేశాను. పై ఫ్లాటు వాళ్లని అడిగి పిల్లల స్కేట్లు తెచ్చాను. మావయ్యగారు సెల్లారులో కూర్చుని ఉండగా వెనకనుంచి ఒక స్కేటుని బలంగా తోశాను. సెల్లారంతా గరగరమని మోగింది. వాచ్‌మన్ బయటినుంచి తొంగిచూశాడు. మావయ్యగారు తల కూడా తిప్పలేదు. పక్కకి వెళ్లి నిలబడితే అప్పుడు నన్ను చూసి, నోటికి అడ్డంగా వేలు పెట్టి సైగ చేశారు. పిల్లలు తిరుగుతున్నారు, మాట్లాడొద్దన్నట్టు.

నాకు వినిపించింది ఏమీ లేదు. చల్లగా ఉన్న సిమెంటు నేల, నాలుగు కార్లు, అంతే.

మా ఆయనకి కలిదిండి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. వారంలో సగం రోజులు అక్కడే ఉంటారు. ఆయన అక్కడ ఉన్న ఒక సాయంత్రం, నేను కాలేజీనుంచి వచ్చి కాఫీ పెడుతుండగా మావయ్యగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“మన శ్రీను పడ్డాడమ్మా. లేవాలని చూస్తున్నాడు. ఎవరైనా చెయ్యివ్వాలి.”

మా ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. పక్క చెరువు సత్యంగారి నంబరు ఉంటే ఆయనకి చేశాను.

“సత్యంగారండీ, ఒక్కసారి మా చెరువు దాకా వెళ్లి చూడండి. ఈయన ఫోన్ ఎత్తడం లేదు.”

“గట్టు మీదే ఉన్నారమ్మా, ఇక్కడికి కనబడుతూనే ఉన్నారు. ఫోన్ షెడ్డులో పెట్టుంటారు.”

“అయినా సరే వెళ్లండి. మీకు దణ్ణం పెడతాను.”

ఆయన విసుక్కోకుండా వెళ్లారు. కాసేపటికి మళ్లీ ఫోన్ మోగింది. మావాళ్లు ఆయన్ని కైకలూరు ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు, మీరు కంగారు పడకుండా రండి అన్నారు. నీళ్లలో ఆక్సిజన్ కోసం తిప్పే మోటారు వైరు తెగి ఉండగా మా ఆయన దాన్ని పట్టుకున్నారు. సత్యంగారు పరుగెత్తి కరెంటు కట్టేయకపోతే దక్కేవారు కాదని డాక్టర్లు చెప్పారు.

ఆస్పత్రి వరండాలో సత్యంగారు నా పక్కన కూర్చున్నారు. మెల్లగా అడిగారు.

“ఏమీ అనుకోకండమ్మా. మీకెలా తెలిసింది? మీరు ఫోన్ చేసినప్పుడు ఆయన బాగానే ఉన్నారు. నేను సగం దూరం వెళ్లాక, నా కళ్లముందే పడ్డారు.”

నాకు కుమారిగారు గుర్తొచ్చారు. మావయ్యగారు చెప్పింది సాయంత్రం. ఆవిడ పడింది మర్నాడు తెల్లవారుజామున. విశాఖపట్నం శిష్యుడి సంగతీ అంతే. అప్పటిదాకా నేను ఆ వరస గమనించనే లేదు. ముందు ఏదైనా జరగాలి, ఆ తర్వాతే దాని చప్పుడు వినపడాలి. ఇన్నేళ్లుగా నేను చెప్పే పాఠం అదే.

మా ఆయన కోలుకున్నారు. చేతి మీద మచ్చ మిగిలింది. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. నాన్నని పిచ్చివాడంటారని ఒక భయం. జనం వచ్చి వాళ్లవాళ్ల గురించి అడుగుతారని ఇంకో భయం. సెల్లారులోకి వెళ్లొద్దని మావయ్యగారికి పలక మీద రాసి చూపించాం. చదివి, తలూపి, సాయంత్రం మామూలుగానే కిందికి దిగారు. అడ్డుపడటానికి మాకూ మనసొప్పలేదు. ఆయనకి వినపడేవి ఆ చప్పుళ్లొక్కటే.

ఇది ఏమిటో నాకిప్పటికీ తెలియదు. తెలిసిన డాక్టర్ని అడిగాను, నా దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశాను. దేనికీ అందలేదు.

పోయిన వారం మావయ్యగారు పైకి వచ్చి కుర్చీలో కూర్చుని, “ఈమధ్య ఎవరో కొత్తపిల్ల వస్తోందమ్మా” అన్నారు. “చక్రాల మీద నిలబడటం కూడా సరిగ్గా రాలేదు. గోడ పట్టుకుని తిరుగుతోంది.”

హారిక విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నాలాగే అదీ ఎప్పుడూ స్కేట్లు కట్టుకోలేదు. వెంటనే ఫోన్ చేశాను. బాగానే ఉన్నానమ్మా, మెస్సులో ఉన్నాను అంది. రోజూ చేస్తున్నాను. విసుక్కుంటోంది.

నిన్న ధైర్యం చేసి పలక మీద “ఎవరండీ ఆ పిల్ల?” అని రాసి చూపించాను. ఆయన పలకనీ నన్నూ మార్చిమార్చి చూశారు.

“తెలియదమ్మా. ఎప్పుడూ వినని చప్పుడు.” నా మొహం చూసి జాలిపడ్డారు కాబోలు, చెయ్యి చాపి నా తల నిమిరారు. “ఇంకా పడలేదులే” అన్నారు.