మస్తాన్ భాయ్‌తో ఒక చలికాలం

పొద్దున్నే రిసెప్షన్ తలుపు తీస్తే పొగమంచు నాకంటే ముందే లోపలికి వస్తుంది. తడిసిన ఉన్ని కంబళి, కాలిన కట్టెలు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే కడప మస్తాన్ భాయ్ గుర్తుకొస్తాడు. సౌదీలోని అబ్హా కొండమీది ఈ రిసార్టుకు ఒకప్పుడు ఆయన సూపర్‌వైజర్. చలి అంటే ఏమిటో, పైవాడు అంటే ఎవరో నాకు ఒకే సీజన్‌లో తెలియజెప్పాడు.

జెద్దాలో నేను పనిచేసే ఆఫీసు మూతపడ్డాక, ఇక్కడ ఒక చలికాలం పనిచేసి చూపిస్తే నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, తమ పేరు మీదికి మార్పిస్తామన్నారు రిసార్టువాళ్లు. నచ్చకపోతే ఎగ్జిట్, తిన్నగా జగిత్యాల. సౌదీ అంటే ఎడారి కాదేమోనని బీకాం చదివినవాడికి అనుమానమెందుకొస్తుంది? పలుచటి చొక్కాలతో దిగాను. మస్తాన్ భాయ్ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"యాడికొచ్చినావు నాయనా, పెండ్లికా?"

"ఇంత చలి ఉంటదని ఎవ్వలు చెప్పలే భాయ్."

"చలి చెప్పి వస్తాదా?" అంటూ తన పాత కోటు నామీద పడేశాడు. అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పట్టేవారు. వారాంతాల్లో రియాద్ నుంచి వచ్చే కుటుంబాలకు ఆ కోటులోంచే తాళాలు అందించేవాణ్ని. వాళ్లు లోయ చూద్దామని వచ్చి మంచు చూసి వెళ్లేవారు. దానికి నన్ను బాధ్యుణ్ని చేసేవారు.

ఆ కొండల్లో కోతులెక్కువ. మెడచుట్టూ బూడిదరంగు జూలుతో, రోడ్డు పక్కన పంచాయతీ పెద్దల్లా కూర్చుంటాయి. ఒక మంగళవారం ఇంటిమీద బెంగపుట్టి, వాటిలో పెద్దదానికి అరటిపళ్లు పెట్టి, మనసులోనే దండం పెట్టుకున్నాను. అంజన్న ఇక్కడా దొరికాడని తృప్తి. మర్నాడు అంజన్న బంధుమిత్ర సపరివారంగా విచ్చేశాడు. ఒక కుటుంబం ఆరుబయట నాష్తా పరిచి చెంచాల కోసం లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి రొట్టెలు, తేనె సీసా, పిల్లాడి బూటు ఒకటి కొండెక్కాయి. ఆ కుటుంబం మధ్యాహ్నానికే గది ఖాళీ చేసింది.

మా వీసాలకు పూచీ ఉండే యజమాని, కఫీల్, నన్ను పిలిపించాడు. ఆయన పక్క కుర్చీలో మస్తాన్ భాయ్. మేత పెట్టింది ఎవరో కెమెరా అప్పటికే చెప్పేసింది. కఫీల్ అరబ్బీలో నాకర్థమైంది 'ఖురూజ్' ఒక్కటే. ఎగ్జిట్ అని. అర్థం కావలసింది కూడా అదొక్కటే.

మస్తాన్ భాయ్ లేచాడు. బల్ల చుట్టూ తిరిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఎందుకు పెట్టినావు? ఉన్నది చెప్పు."

"మా దిక్కు మంగళారం వాటికి పెడ్తరు భాయ్. పుణ్యమని."

ఆయన దాన్ని అరబ్బీలో చెప్పాడు. నా జవాబు అంత పొడుగేమీ కాదు. కఫీల్ గడ్డం నిమురుకుని, పిలిచినవాడే తరమాలన్నాడు.

బయటికొచ్చాక అడిగాను. "అంత సేపు ఏం చెప్పినవ్ భాయ్?"

"వీళ్ల ఊర్లో ఆకలితో ఉండేదానికి పెట్టకుండా పోరు అంటి. పంపిస్తే ఇద్దర్నీ పంపమంటి."

"నువ్వెందుకు పోతవ్?"

"కొత్తోనికి కోతుల సంగతి చెప్పాల్సింది ఎవురబ్బా? నేను గదా!"

ఆ సీజనంతా రోజూ పొద్దున్నే ఇద్దరం ఖాళీ నూనె డబ్బాలు వాయిస్తూ తిరిగాం. కోతులకు నామీద గౌరవం పోయింది. ఇఖామా మాత్రం చేతికొచ్చింది.

మస్తాన్ భాయ్ కడపకు వెళ్లిపోయి కొన్నేళ్లయింది. కఫీల్ పక్క కుర్చీ ఇప్పుడు నాది. మొన్న నేపాల్ నుంచి కొత్తగా వచ్చిన క్లీనర్ ఒకడు, కరెంటు వృథా కాకూడదని అతిథుల గీజర్లన్నీ ఆర్పేశాడు. అతణ్ని లోపలికి పిలిపించారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలుపు దగ్గరే ఆగిపోయాడు.

కుర్చీ మెత్తగా, వెచ్చగా ఉంది. లేచాను.